ఇంగ్లండ్‌లో కోరిన సెకండరీ స్కూల్లో సీటు రాకపోతే అప్పీలు చేయడం

ఇయర్ 7 (సెకండరీ స్కూల్లో మొదటి తరగతి) సీట్ల కేటాయింపు మార్చి 1న, అది సెలవు రోజైతే మరుసటి పనిదినాన తెలుస్తుంది. కోరిన బడి దక్కకపోయినా ఇచ్చిన సీటును ముందు అంగీకరించండి. దానివల్ల అప్పీలు హక్కు గానీ వెయిటింగ్ లిస్టులో స్థానం గానీ పోదు, కాదంటే మాత్రం బిడ్డ ఏ బడీ లేకుండా మిగిలిపోవచ్చు. అప్పీలుకు కనీసం 20 బడి పనిదినాల గడువు ఉంటుంది.

విచారించేది బడితో సంబంధం లేని, కనీసం ముగ్గురు సభ్యుల ప్యానెల్. ప్రవేశ నియమాలు సక్రమంగా అమలయ్యాయా, మరొకరిని చేర్చుకుంటే బడికి నష్టమా అన్నది మొదట తేలుస్తారు. నియమాలు సరిగానే అమలై, నష్టమూ ఉందంటే, దానిని మీ బిడ్డ అవసరంతో తూచి చూస్తారు. కాబట్టి ‘ఈ బడికి మంచి పేరుంది’ అని పేజీలకు పేజీలు రాయడం (మనవాళ్లు ఎక్కువగా చేసే పని ఇదే) పెద్దగా అక్కరకు రాదు. దానికి బదులు, ఉబ్బసం ఉన్న పాప కేటాయించిన బడికి రెండు బస్సులు మారి వెళ్లాలని ఒక్క వాక్యంలో రాసి, డాక్టరు లేఖనూ బస్సు వేళలనూ జతచేయండి. ఇంటికీ బడికీ మధ్య దూరాన్ని తప్పుగా లెక్కగట్టారని అనుమానముంటే, వారి కొలతను రాతపూర్వకంగా అడగండి.

సాధ్యమైనంతవరకు విచారణ ముగిసిన 5 బడి పనిదినాల్లో నిర్ణయం లేఖగా వస్తుంది. బడి దానికి కట్టుబడి తీరాలి.