రామప్ప గుడి దగ్గర మొదలుపెట్టండి: గ్రూప్స్, సివిల్స్‌కి కళలు-సంస్కృతి చదివే పద్ధతి

కళలు-సంస్కృతి అనగానే చాలామంది ముందు ఒక పట్టిక గీస్తారు. ఎడమవైపు నాట్యం పేరు, కుడివైపు రాష్ట్రం పేరు. మొదటిసారి నేనూ అలాగే చదివాను, రోజూ పొద్దున్నే పట్టిక అప్పజెప్పుకునేదాన్ని, తీరా పరీక్ష హాల్లో నాలుగు ఆప్షన్లు కళ్ల ముందుకొచ్చేసరికి టెన్షన్‌లో సత్రియా, ఛావ్, థంగ్-టా అన్నీ కలిసిపోయాయి. పేరు గుర్తుంది, దాని వెనకాల ఏమీ లేదు. అందుకే రెండోసారి పట్టికలన్నీ పక్కన పెట్టి, ఒక్కో వస్తువునీ పట్టుకుని దాని చుట్టూ చదవడం మొదలుపెట్టాను. ఇక్కడ చెప్పేది ఆ పద్ధతే.

ఏ గుడైనా, బొమ్మైనా, నాట్యమైనా అయిదు ప్రశ్నలు వేయండి. ఎక్కడిది, ఎవరి కాలంలో, దేంతో చేశారు, ఎలా చేశారు, దీనికి చుట్టాలెవరు? ఈ చివరి ప్రశ్నే ముఖ్యం.

రామప్పనే తీసుకుందాం. ములుగు జిల్లా పాలంపేట. కాకతీయ గణపతిదేవుడి కాలంలో ఆయన సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు, శాసనంలో ఉన్న సంవత్సరం 1213. గుడి ఎర్ర ఇసుకరాతిది, లోపలి స్తంభాలకూ బయట చూరు కింద ఉన్న మదనికలకూ (నాట్య భంగిమల్లో ఉన్న స్త్రీ శిల్పాలకు) మాత్రం నున్నగా మెరిసే నల్లరాయి వాడారు. పునాదిలో ఇసుక నింపిన శాండ్‌బాక్స్ పద్ధతి, పైన విమానానికి, అంటే గర్భగుడి మీది శిఖరానికి, నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది, తెలంగాణ నుంచి ఇదే మొదటిది. ఇంతవరకు ఏ గైడులోనైనా ఉంటుంది. ఇప్పుడు చుట్టాల దగ్గరికి వెళ్లండి. గణపతిదేవుడి దగ్గర గజసైన్యాన్ని నడిపిన జాయప సేనాని సంస్కృతంలో నృత్త రత్నావళి రాశాడు. అందులో పేరిణి అనే వీర నాట్యం గురించి ఉంది. ఆ పేరిణిని ఇరవయ్యో శతాబ్దంలో మళ్లీ నిలబెట్టిన నటరాజ రామకృష్ణ ఆ గ్రంథాన్నీ రామప్ప శిల్పాలనూ ఆధారం చేసుకున్నారు. ఒక్క గుడి పట్టుకుంటే రాజవంశం, వాస్తు, శిల్పం, గ్రంథం, నాట్యం, యునెస్కో అన్నీ ఒకే తీగకు వచ్చేశాయి. ఇక వీటిలో దేని మీద ప్రశ్న వచ్చినా మిగతావి తోడుంటాయి. వీలుంటే ఒక ఆదివారం వెళ్లి చూసి రండి, మదనికల కింద పది నిమిషాలు నిలబడితే చాలు, చదివింది కళ్లలో ఉండిపోతుంది.

పేపర్ సెట్ చేసేవాళ్లు ఎలా ఆలోచిస్తారో పాత ప్రశ్నలు చూస్తే అర్థమవుతుంది. 2012 సివిల్స్ ప్రిలిమ్స్‌లో కూచిపూడికీ భరతనాట్యానికీ తేడా అడిగారు. నర్తకులు మధ్యలో మాటలు పలకడం కూచిపూడిలోనే ఉంటుందని ఒక వాక్యం, ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలు పెట్టి ఆడటం భరతనాట్యం లక్షణమని ఇంకో వాక్యం. మొదటిది ఒప్పు, రెండోది తప్పు. కృష్ణా జిల్లా కూచిపూడి ఊరు, సిద్ధేంద్ర యోగి, ఆయన రాసిన నృత్యనాటకం భామాకలాపం అని బట్టీ పట్టినవాళ్లకు ఇక్కడ దారి దొరకదు. భామాకలాపంలో సత్యభామ తన గురించి తానే గొప్పగా చెప్పుకోవడం ఒక్కసారి చూసినవాళ్లకు, కూచిపూడిలో పళ్లెం మీద ఆడే తరంగంలో ఆ పళ్లెం కదిలే చప్పుడు విన్నవాళ్లకు ఇది అరనిమిషం పని. 2014లో సత్రియా మీద కూడా ఇలాంటిదే వచ్చింది. అస్సాం వైష్ణవ సంప్రదాయం అన్న మాట నిజమే, కానీ తులసీదాస్, కబీర్, మీరాబాయి పాటల మీద ఆధారపడిందని చివర్లో ఒక తప్పు అతికించారు. సత్రియా పుట్టిందే శంకరదేవుడు మొదలుపెట్టిన సంప్రదాయంలో, సత్రాలనే వైష్ణవ మఠాల్లో. అది తెలిస్తే ఆ వాక్యం చదవగానే అనుమానం వస్తుంది. థంగ్-టా సంగతీ అంతే. అది మణిపూర్‌ యుద్ధకళ, కత్తి, ఈటెలతో చేస్తారు. 2018లో దాన్ని సిక్కిం నాట్యమని జత కలిపి ఇచ్చారు.

"ఎలా చేశారు" అన్న ప్రశ్నను చాలామంది దాటేస్తారు. నా ఉద్దేశంలో మార్కులు అక్కడే ఉన్నాయి. కలంకారీ చూడండి. శ్రీకాళహస్తిలో కలంతో చేత్తో గీస్తారు, మచిలీపట్నం దగ్గర పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు, ఈ తేడా అందరికీ తెలుసు. పని ఎలా సాగుతుందో చూస్తే ఇంకా లోతుగా దిగుతుంది. ముందు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. వెదురు పుల్ల చివర చెక్కి, కొంచెం పైన గుడ్డ చుట్టి దారం కడతారు, ఆ ఉండను వేళ్లతో నొక్కితే రంగు మొనలోకి దిగుతుంది. నల్లరంగు ఎలాగంటే, ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. ఆ నీళ్లు కరక్కాయ పట్టిన గుడ్డకు తగలగానే గీత నల్లబడుతుంది. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు రాసి ఆ తర్వాత మొక్క వేళ్ల నుంచి తీసిన రంగులో మరిగిస్తారు. ఇంత తెలిశాక శ్రీకాళహస్తిలో రామాయణ, భారత కథలు ఎందుకు ఎక్కువో, పర్షియాతో వ్యాపారం నడిచిన మచిలీపట్నం వైపు పూలు, తీగలు ఎందుకు ఎక్కువో కూడా అడగాలనిపిస్తుంది. ఒకచోట గుడి అడిగింది, ఇంకోచోట రేవు అడిగింది.

బొమ్మల విషయంలో చెక్క పేరు పట్టుకోండి. కొండపల్లికి తెల్లపొణికి, ఏటికొప్పాకకు అంకుడు కర్ర, దానిమీద లక్క. కథలు బొమ్మలుగా గీసే చేర్యాల పటాలకు ఎర్రటి నేపథ్యం, గీసేవాళ్లు నకాషీలు.

శిల్పానికి రాయి పట్టుకోండి. గాంధారకు బూడిదరంగు షిస్టు రాయి, మధురకు ఎర్ర ఇసుకరాయి, అమరావతికి తెల్లని సున్నపురాయి. అమరావతిది పాలరాయి అని చాలాచోట్ల రాస్తుంటారు, లండన్‌లో కూడా వాటిని అమరావతి మార్బుల్స్ అనే పిలిచారు కాబట్టి ఆ మాట పాకింది, కానీ అది సున్నపురాయే. ఆ ఫలకాల్లో పెద్ద భాగం ఇప్పుడు చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలోనూ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉంది. మన ఊరి శిల్పం చూడటానికి మనమే అంత దూరం వెళ్లాల్సి రావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

గుళ్ల శైలికి వచ్చేసరికి ఉత్తరం నాగర, దక్షిణం ద్రావిడ అని గీత గీసి వదిలేయకండి. అలంపురం నవబ్రహ్మ ఆలయాలు తుంగభద్ర ఒడ్డున, తెలంగాణలోనే ఉన్నాయి, కట్టించింది బాదామి చాళుక్యులు, వాటిలో ఎక్కువ గుళ్ల శిఖరాలు నాగర శైలివి. ఇలాంటి మినహాయింపులకు నోటు పుస్తకంలో విడిగా ఒక పేజీ పెట్టండి. తోలుబొమ్మలూ అక్కడికే వస్తాయి. మన తోలుబొమ్మలు పెద్దవి, రంగులు వేసినవి, కీళ్ల దగ్గర కదులుతాయి. ఒడిశా రావణఛాయ బొమ్మలకు రంగూ ఉండదు, కీళ్లూ ఉండవు.

నోట్స్ ఒక వస్తువుకు ఒక పేజీ చాలు. పైన మీ చేత్తో చిన్న బొమ్మ గీయండి, అందంగా రాకపోయినా ఫర్వాలేదు, కింద అయిదు జవాబులు, పక్కన ఏ రాజవంశమో రాయండి. శాతవాహనులు, ఇక్ష్వాకులు, విష్ణుకుండినులు, తూర్పు చాళుక్యులు, కాకతీయులు, విజయనగరం, కుతుబ్‌షాహీలు, ఈ వరుసలోనే పేజీలు పేర్చుకుంటే చరిత్ర పేపర్‌కు వేరే రివిజన్ సగం తగ్గుతుంది. చదవడానికి ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి ఫైన్ ఆర్ట్స్ పుస్తకం ముందు, రాష్ట్ర చరిత్రకు తెలుగు అకాడమీ పుస్తకాలు. ఆ తర్వాతే కోచింగ్ మెటీరియల్. నాట్యం, సంగీతం మాత్రం చదివి వదిలేయకండి, ఒక్కోదానికి పది నిమిషాల వీడియో చూడండి, ఫోన్ పక్కన పెట్టి ఏం చూశారో నాలుగు వాక్యాలు రాయండి.

గ్రూప్-1 మెయిన్స్ రాసేవాళ్లకు ఇంకో మాట. కాకతీయుల సాంస్కృతిక సేవ మీద వ్యాసం వస్తే రాజుల పేర్లతో మొదలుపెట్టకండి. పాలంపేట గుడి మెట్ల దగ్గర మొదలుపెట్టి, మదనిక నుంచి జాయపకు, జాయప నుంచి పేరిణికి వెళ్లండి, పక్కన నక్షత్రాకారపు పీఠం చిన్నగా గీయండి.

పరీక్షకు పదిరోజుల ముందు కొత్త పేజీ తెరవొద్దు. ఉన్న పేజీల్లో బొమ్మ మాత్రం కనిపించేలా కింది భాగం కాగితంతో మూసి, అయిదు జవాబులూ పైకి చెప్పండి. ఎక్కడ ఆగిపోయారో ఆ పేజీ మూల మడిచి, రాత్రి పడుకునే ముందు మడిచినవి మాత్రం మళ్లీ చూడండి.