వరద పోస్టు పెట్టే ముందు ఇవి చూసుకోండి

గోదావరి పెరుగుతోంది. లంకల్లో అందరి చేతుల్లోనూ ఫోన్లే.

– "ఏటిగట్టు తెగిందంట" అన్న మాటను నిర్ధారించుకోకుండా పంపొద్దు. అర్ధరాత్రి ఆ ఒక్క మాటకు పిల్లల్ని చంకనేసుకుని, దూడల్ని విప్పుకుని రేవుకు పరుగెత్తే జనం ఉన్నారు. జనాన్ని భయపెట్టే ఉద్దేశంతో అబద్ధం పంపితే భారతీయ న్యాయ సంహిత 353 కింద 3 ఏళ్ల దాకా జైలు. నిజమని నమ్మడానికి తగిన ఆధారం ఉండి, మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్లకు అదే సెక్షన్‌లో మినహాయింపు ఉంది. అందుకే గట్టు మీదున్నవాళ్లకి ముందు ఫోన్ చేయండి.

– వీడియో ఏ ఏడాదిదో చూడండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి వరద హెచ్చరిక 11.75 అడుగులకు, మూడోది 17.75కు. వీడియోలో కనిపించే వరద ఈరోజు మట్టానికి సరిపోతుందో లేదో పోల్చుకోండి.

– పడవ రాలేదా, బియ్యం అందలేదా? భయపడకుండా రాయండి. ఊరు, తేదీ, టైమ్ వేయండి. అధికారుల పనిని విమర్శించడం మన హక్కు. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన పోస్టులు పెడితే జైలు వేసే ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. తిట్లు మాత్రం వద్దు, అసలు ఫిర్యాదు మరుగున పడిపోతుంది.

– పునరావాస కేంద్రంలో స్నానాల వైపు కెమెరా తిప్పొద్దు.

– ఒరిజినల్ వీడియో డిలీట్ చేయొద్దు. నోటీసు వస్తే మీకు సాక్ష్యం అదే.