స్పీకర్‌లో మోత: తప్పు కరెంటుదా, వైరుదా?

పాట ఆపినా స్పీకర్లు గుయ్‌మంటున్నాయా? ఖరీదైన పవర్ కండిషనర్ (కరెంటులోని చెత్తను వడగట్టే పెట్టె) కొనే ముందు ఒక పని చేయండి. ఆంప్లిఫైయర్ ఆపి, స్పీకర్ వైర్లు తప్ప మిగతా ఆడియో వైర్లన్నీ తీసి, మళ్లీ ఆన్ చేయండి. మోత పోయిందంటే ఆంప్లిఫైయర్ బాగానే ఉంది. ఇక ఒక్కో వైరే తిరిగి పెడుతూ వినండి. చాలా ఇళ్లలో దొరికే దొంగ కేబుల్ టీవీ సెట్‌టాప్ బాక్సే. వీధిలోంచి వచ్చే కేబుల్‌కు ఒకచోట ఎర్త్, మన ప్లగ్గుకు మరోచోట ఎర్త్. రెంటి మధ్య ఉన్న కాస్త వోల్టేజి తేడా ఆడియో వైరు గుండా పారి 50 హెర్ట్జ్ మోతగా వినిపిస్తుంది. టీవీ, బాక్సు, ఆంప్లిఫైయర్ మూడింటినీ ఒకే బోర్డుకు పెట్టండి. అప్పటికీ తగ్గకపోతే కేబుల్‌కు గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ (రెండు ఎర్త్‌ల మధ్య ఆ దారిని తెంచే చిన్న పరికరం) వేయించండి. ఎర్త్ పిన్ను విరిస్తే మోత పోతుందని చెప్పేవాళ్లుంటారు. ఆ మాట వినకండి, షాక్ కొడితే కాపాడేది ఆ పిన్నే.

వైర్లన్నీ తీసినా స్పీకర్లో మోత ఉంటే లోపలి కెపాసిటర్లు పాతబడి ఉండవచ్చు, మెకానిక్‌కు చూపించండి. మోత స్పీకర్లో కాక ఆంప్లిఫైయర్ పెట్టెలోనే, అదీ కరెంటు పోయినప్పుడు మాత్రమే వస్తుంటే కారణం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్, అంటే కరెంటును నున్నని అలగా కాక చతురస్రాకారంలో ఇచ్చేది. దానికి సైన్ వేవ్ ఇన్వర్టరే మందు.

ఎండాకాలంలోనే మోత పెరుగుతుందా? ఎర్త్ గుంత చూడండి. వరంగల్ చుట్టుపక్కల ఎర్ర చల్క నేలల్లో తేమ నిలవదు, మే నెలకు గుంత పూర్తిగా ఎండిపోతుంది. ఎలక్ట్రీషియన్‌తో మల్టీమీటర్ పెట్టించండి. ఫేజ్‌కు, ఎర్త్‌కు మధ్య కూడా దాదాపు 230 వోల్టులు రావాలి. బాగా తక్కువ చూపిస్తే ఎర్త్ పనిచేయడం లేదు. గుంతలో రోజూ బిందెడు నీళ్లు పోసి చూడండి, లాభం లేకపోతే బొగ్గు, ఉప్పు వేసి కొత్తగా వేయించండి.

ఫ్యాను వేస్తే స్పీకర్ చిరచిరమంటుందా? రెగ్యులేటర్‌ను పూర్తి వేగంలో పెట్టండి. శబ్దం ఆగితే తప్పు దానిదే. కెపాసిటర్ రకం స్టెప్ రెగ్యులేటర్ బిగిస్తే సరి.

సాయంత్రం కొన్ని లైట్లు మసకబారి, కొన్ని మరీ వెలిగిపోతున్నాయా? అది న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) వదులైన గుర్తు. ఆ స్థితిలో వోల్టేజి 300 దాటి ఆంప్లిఫైయర్‌ను కాల్చేయగలదు, మామూలు స్టెబిలైజర్‌ను నమ్ముకోవద్దు. మెయిన్ ఆపి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేయండి. పక్కింటి లైట్లు కూడా అలాగే ఉన్నాయేమో అడిగి ఆ సంగతీ చెప్పండి. లోపం స్తంభం దగ్గరా, మీ ఇంట్లోనా అన్నది లైన్‌మన్‌కు తేలిగ్గా తెలుస్తుంది.