గ్లాకోమా ఉన్నవారు ప్యాటర్న్ ఈఆర్‌జీకి (తెరమీద గళ్లు చూపించి కంటి రెటీనా విద్యుత్ స్పందనను కొలిచే పరీక్షకు) వెళ్లే ముందు

• గ్లాకోమా చుక్కలు మీ అంతట మీరు మానొద్దు. పైలోకార్పిన్ వాడుతుంటే ముందే చెప్పండి, అది కంటిపాపను చిన్నది చేస్తుంది.

• ఈ పరీక్షకు కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేయించుకోకూడదు. తెరమీద మారే నలుపు తెలుపు గళ్లు స్పష్టంగా కనబడితేనే గాంగ్లియాన్ కణాల (చూపు సంకేతాలను మెదడుకు పంపే రెటీనా కణాల) స్పందన సరిగ్గా నమోదవుతుంది. చూపు మసకైతే కణాలు బాగున్నా గ్రాఫ్‌లో గీత చిన్నగా వస్తుంది, అనవసరంగా భయపడతాం. అందుకే ఇంట్లో పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే దూరం అద్దాలు, దగ్గర అద్దాలు రెండూ సంచిలో పెట్టండి.

• కాటుక, పౌడరు, ముఖానికి నూనె వద్దు.

• రాత్రి నిద్ర ముఖ్యం.

• ఫుల్‌ఫీల్డ్ ఈఆర్‌జీ (రెటీనా మొత్తం మీద వెలుగు మెరిపించి చేసే పరీక్ష) అయితే వేరు: కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేసి, 20 నిమిషాలు చీకట్లో ఉంచుతారు. కోణం మూసుకుపోయే రకం గ్లాకోమా అయితే చుక్కలకు ముందే డాక్టరుకు గుర్తుచేయండి.