బ్లోయర్ పుల్లీ మార్చి ‘ఒక్కసారి తొక్కి చూద్దాం’ అనుకునేవాళ్లకు

మొన్న తెలిసినతను కారు ఇంజన్ విప్పుతుంటే పక్కనే ఉన్నాను. మూడో సిలిండర్ స్పార్క్ ప్లగ్ తీసి నా చేతిలో పెట్టాడు. తెల్లటి పింగాణీ మీద వెండి పొడి చల్లినట్టు సన్నటి చుక్కలు. అది అల్యూమినియం, పిస్టన్ నుంచి ఊడినది. హెడ్ విప్పి పిస్టన్ బయటికి తీస్తే మొదటి రింగుకీ రెండో రింగుకీ మధ్య గట్టు గోటి ముక్కంత విరిగిపోయి ఉంది. ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే సూపర్‌చార్జర్‌కి (బ్లోయర్ అన్నా అదే) చిన్న పుల్లీ, అంటే బెల్టు తిప్పే చక్రం, బిగించి మూడు రోజులే అయింది. కొత్త గాలికి తగ్గట్టు ఇంధనం, స్పార్క్ లెక్కలు మార్చే ట్యూనింగ్‌కి శనివారం రమ్మన్నారు కూడా. గురువారం రాత్రి రోడ్డు ఖాళీగా కనబడింది. “ఒక్కసారే తొక్కాను” అన్నాడు.

నేను చూసిన పాడైన ఇంజన్లలో ఎక్కువ భాగం ఆ ఒక్కసారితోనే పోయాయి. మంచి ఆయిల్ పోయండి, ముందుగా కంప్రెషన్ చూసుకోండి లాంటివి మీకు తెలిసినవే, వదిలేస్తున్నాను. చెప్పాల్సింది ఒక్కటే: ట్యూన్ పూర్తయ్యేదాకా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కకండి.

ఎందుకంటే, పుల్లీ 80 మిల్లీమీటర్ల నుంచి 70కి తగ్గితే, ఇంజన్ వేగం మారకపోయినా బ్లోయర్ సుమారు 14 శాతం ఎక్కువ వేగంగా తిరుగుతుంది. గాలి ఎక్కువ వస్తుంది, ఇంకా వేడిగా వస్తుంది. 30 డిగ్రీల గాలిని రూట్స్ రకం బ్లోయర్ 10 పీఎస్ఐ ఒత్తిడికి నొక్కితే, దాన్ని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌లోకి వెళ్లేలోపే 100 డిగ్రీలు దాటడం మామూలే. ఇంజన్ కంప్యూటర్ (ఈసీయూ)లో ఉన్న స్పార్క్ టైమింగేమో పాత గాలికి రాసింది. వేడీ ఒత్తిడీ ఎక్కువై, ప్లగ్ దగ్గర మొదలైన మంట చేరకముందే మూలల్లో మిగిలిన మిశ్రమం తనంతట తానే పేలుతుంది. నాకింగ్ అంటే అదే. 6000 ఆర్పీఎం దగ్గర ఒక్కో సిలిండర్ సెకనుకు 50 సార్లు మండుతుంది. మూడు సెకన్లు తొక్కితే 150 సార్లు. మీరు అనుకునే ఒక్కసారి పిస్టన్ లెక్కలో అంత.

కారు మోసం చేసేది కూడా ఇక్కడే. మెల్లగా నడిపితే ఏ తేడా తెలియదు. నొక్కిన గాలిని వెనక్కి వదిలే బైపాస్ వాల్వ్ తెరిచి ఉంటుంది కాబట్టి బూస్ట్ (బ్లోయర్ ఇచ్చే అదనపు ఒత్తిడి) ఉండదు, ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ ఇంధనాన్ని సర్దుకుంటూ ఉంటుంది. రెండు రోజులు హాయిగా తిరిగేసరికి ‘బానే ఉందిగా’ అన్న ధైర్యం వస్తుంది. పూర్తిగా తొక్కినప్పుడు మాత్రం చాలా కార్లలో ఆ సర్దుబాటు పక్కకుపోయి, ఈసీయూ టేబుల్లో ముందే రాసిన అంకెలే నడుస్తాయి. అవి పాతవి.

ఇంధనం సంగతి. పెట్రోల్ సరిగ్గా పూర్తిగా మండడానికి గాలి 14.7కి ఇంధనం 1. బూస్ట్‌లో అది చాలదు, మామూలు పెట్రోల్ మీద 11.5 నుంచి 12 మధ్య ఉంచుతారు (అంకె తగ్గితే ఇంధనం ఎక్కువని). అంత పోయడానికి ఇంజెక్టర్లకీ పంపుకీ సత్తువ ఉండాలి. ఇంజెక్టర్ డ్యూటీ, అంటే అది తెరిచి ఉండే సమయం వాటా, 85 శాతం దాటుతుంటే పెద్దవి వేయండి. ట్యాంకు పావు కంటే తగ్గినప్పుడు గట్టిగా లాగకండి, మలుపులో పంపు గాలి మింగుతుంది.

సెన్సర్ కూడా చూసుకోవాలి. బ్లోయర్ లేని కారుకి కొత్తగా బిగించి లోపలికెళ్లే గాలి ఒత్తిడిని కొలిచే పాత 1 బార్ మ్యాప్ సెన్సర్ అలాగే వదిలేస్తే, బూస్ట్ మొదలవగానే ఈసీయూకి కళ్లు పోయినట్టే.

ఇక వరసగా.

ఇంటర్‌కూలర్ నీళ్ల ట్యాంకు మూత తీసి చూడండి. పంపు ఆన్ చేసినప్పుడు నీళ్లు కదలాలి. కదలకపోతే బండి బయటికి తీయొద్దు.

ప్లగ్‌లు ఒక మెట్టు చల్లటివి (వేడిని త్వరగా బయటికి పంపేవి) వేయండి, స్పార్క్ దూకే గ్యాప్ తగ్గించండి. పాత గ్యాప్‌తో బూస్ట్‌లో స్పార్క్ ఆరిపోతుంది.

పని చేసేటప్పుడు ఏమీ పడకుండా ఇన్‌టేక్ పోర్టుల్లో (ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారుల్లో) గుడ్డలు ఎన్ని కుక్కారో రాసి పెట్టుకోండి. అన్నీ తీశాకే బిగించాలి. నవ్వకండి, ఒకటి మరిచిపోయినవాణ్ణి చూశాను.

ఇంజన్ తిరుగుతుండగా బెల్టు దగ్గర చెయ్యి పెట్టొద్దు.

పుల్లీ చుట్టూ నల్ల పొడి రాలుతుంటే బెల్టు జారుతోందని. ముందు అది సరిచేసి, తర్వాతే ట్యూన్.

ఫ్యూయల్ లైన్ విప్పే ముందు ప్రెషర్ దించండి. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేంత దూరంలో ఉండాలి, డిక్కీలో కాదు.

వేరేవాళ్ల కారు ట్యూన్ ఫైల్ ఎక్కించొద్దు. అదే మోడల్ అయినా సరే.

బేస్ మ్యాప్ (ఈసీయూకి తాత్కాలిక ట్యూన్ ఫైల్) ఇచ్చారా? అది స్టార్ట్ చేసుకుని ట్యూన్ చేసే డైనో యంత్రం దాకా వెళ్లడానికే. దాంతో తొక్కొద్దు.

ట్యూన్ ఏ ఆక్టేన్ మీద చేయించారో ఆ పెట్రోలే. తక్కువది పోయాల్సి వస్తే ఆ ట్యాంకు అయ్యేదాకా తొక్కొద్దు.

ఫ్రెండ్ పక్క సీట్లో కూర్చుని ‘ఏదీ, చూపించు’ అన్నాడా? తొక్కొద్దు.

ట్యూన్ అయ్యాక కూడా గాలి-ఇంధనం నిష్పత్తి చూపే వైడ్‌బ్యాండ్ గేజ్ ఎదురుగా ఉండాలి. నిండు బూస్ట్‌లో అంకె 13 వైపు పాకుతుంటే, అంటే ఇంధనం చాలకపోతుంటే, వెంటనే కాలు తీయండి. గేజ్ తప్పు చూపిస్తోందేమోనని మళ్లీ తొక్కి చూడొద్దు, బండి పక్కకు ఆపి, ఈసీయూ నమోదు చేసిన అంకెల లాగ్ తెరవండి.