పోకర్‌తో ఖర్చులు వెళ్లదీద్దామనుకునే నటులకు జాగ్రత్తలు

హైదరాబాద్‌లో ఆడొద్దు. తెలంగాణ గేమింగ్ చట్టానికి 2017లో చేసిన సవరణతో ఇక్కడ డబ్బు పెట్టి ఆడే పోకర్, రమ్మీ నేరమే. స్నేహితుడి ఫ్లాట్ అయినా, ఫామ్‌హౌస్ అయినా, ఫోన్ అయినా అంతే. 2025లో కేంద్రం ఆన్‌లైన్ డబ్బాటలను దేశమంతటా నిషేధించింది. ఇంకా నడుస్తున్న యాప్‌లో సొమ్ము ఇరుక్కుంటే ఎవరినీ అడగలేరు.

గోవాలో లైసెన్సున్న కేసినోకి వెళ్లేవాళ్లు ముందు కాగితం మీద లెక్క వేయండి. బ్లైండ్లు (ముక్కలు పంచకముందే ఇద్దరు ఆటగాళ్లు తప్పక పెట్టాల్సిన చిన్న, పెద్ద పందేలు) 100-200 ఉన్న టేబుల్‌లో మామూలు బై-ఇన్ (ఆటకు కూర్చునేటప్పుడు తెచ్చే సొమ్ము) వంద పెద్ద బ్లైండ్లు, అంటే 20,000 రూపాయలు. బాగా ఆడేవాళ్లకు కూడా అలాంటివి 25-30 కావాలి: 5-6 లక్షలు. ఎందుకంటే ఆసుల జత కూడా రాజుల జత చేతిలో దాదాపు అయిదింట ఒకసారి ఓడుతుంది. అలాంటి ఓటములు వరసగా పడితే కృష్ణానగర్ గది అద్దె, ఫోటోషూట్ డబ్బు రెండూ పోతాయి. అంత విడి సొమ్ము లేకపోతే దయచేసి కూర్చోకండి. డబ్బింగ్‌లో గుంపు గొంతుల పనైనా ఇంతకంటే నమ్మకం.

పాట్‌లోంచి, అంటే పోగైన పందేల సొమ్ములోంచి, కేసినో రేక్ అనే తన వాటా కోసుకుంటుంది. గెలుపుపై 30 శాతం పన్ను, సెస్సు అదనం. ఓడిన సొమ్మును అందులో మినహాయించుకోలేరు.

అప్పు తెచ్చి వద్దు. రెండు బై-ఇన్‌లు పోతే లేవాలి. మర్నాడు ఆడిషన్ ఉంటే అసలు వెళ్లొద్దు, నిద్రలేని కళ్లు క్లోజప్‌లో దాగవు.