కింగ్ సామన్‌కు బయలుదేరే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

అలాస్కాలోని కింగ్ సామన్ సుమారు 300 మంది నివసించే చిన్న ఊరు. ఆ రాష్ట్రంలోని పెద్ద నగరమైన ఆంకరేజ్ నుంచి అక్కడికి రోడ్డు మార్గం లేదు. పొగమంచు వల్ల గానీ అగ్నిపర్వత బూడిద వల్ల గానీ విమానాలు ఆగిపోయే అవకాశం ఉన్నందున, తిరుగు ప్రయాణానికీ అంతర్జాతీయ విమానానికీ మధ్య రెండు మూడు రోజుల వ్యవధి ఉంచుకొని, నిత్యం వాడే మందులను ఆ అదనపు రోజులకు కూడా సరిపడా తీసుకెళ్లాలి.

సమీపంలోని కట్మాయ్ ప్రాంతంలో 1912 జూన్‌లో జరిగిన నోవరప్తా అగ్నిపర్వత విస్ఫోటనం 20వ శతాబ్దంలోనే అతిపెద్దది. ఆనాటి బూడిద బలమైన గాలులకు నేటికీ లేస్తుంటుంది కనుక, అగ్నిపర్వతాలు శాంతంగా ఉన్నాయన్న ఒక్క కారణంతో నిశ్చింతగా ఉండకూడదు. ఇది పొయ్యిలోని బూడిద వంటిది కాదు. శిలా, గాజు రేణువుల మిశ్రమం. ఎన్-95 మాస్కు, కళ్లను పూర్తిగా కప్పే గాగుల్స్ దగ్గర ఉంచుకోవాలి. బూడిద పడుతున్నప్పుడు కాంటాక్ట్ లెన్సులు ధరించరాదు, అవసరం లేనిదే వాహనం నడపరాదు. ఊడ్చే ముందు నీరు తేలికగా చిలకరించాలి. అలాస్కా అగ్నిపర్వత పరిశీలన కేంద్రం ప్రకటించే ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగుల హెచ్చరికలను ప్రయాణానికి ముందు చూసుకోవాలి.

ఎలుగుబంట్లకు కనీసం 45 మీటర్ల దూరంలో ఉండాలి. వాటిని అడ్డుకునే స్ప్రేను ప్రయాణికుల విమానాల్లో అనుమతించరు కనుక అక్కడే కొనుక్కోవాలి. శాకాహారులు పప్పులు, పచ్చళ్లు వెంట తీసుకెళ్లడం మంచిదే గానీ, వాసనకు ఎలుగుబంట్లు రావచ్చు కనుక ఆవకాయ సీసాను మాత్రం గుడారంలో ఉంచరాదు.